పాతకాలపు లఘువిమానములలో రేడియో రొద, దాని నివారణము

ఇరువదవ శతాబ్దపు మధ్యభాగమున నిర్మింపబడి నేటికిని ఎగురుచున్న పైపర్ కబ్, ఏరాంకా చాంపియన్, టేలర్‌క్రాఫ్ట్, సెస్నా 140 మున్నగు చిన్న విమానములందు, విమానాశ్రయ నియంత్రణాగారము నుండి వచ్చు మాటలతో కలగలిసి పైలటు చెవిని సోకు చిటపటలకును, గరగరలకును, సన్నని కూతలకును సామాన్యముగా రేడియో రొద యని పేరు. ఇది చెవికి బాధ కలిగించుటతో పోవునది కాదు. నియంత్రణాధికారి చెప్పిన రన్‌వే సంఖ్య యొకటి, పైలటు విన్న సంఖ్య మరియొకటి యగుటకు ఇది చాలును. దీని నివారణమునకై పరస్పరవిరుద్ధములైన ఉపాయములు ఇన్ని ప్రచారమున నుండుటకు కారణము, ఒక్క పేరున పిలువబడు ఈ రొద యథార్థముగా నాలుగైదు వేర్వేరు మూలముల నుండి, రెండు వేర్వేరు మార్గముల గుండా వచ్చుచుండుటయే.

పెన్సిల్వేనియా రాష్ట్రమునందలి లాక్‌హేవెన్ కర్మాగారమున 1938 మొదలు 1947 వఱకు ఇంచుమించు ఇరువదివేల సంఖ్యలో తయారైన జె-3 కబ్ విమానమునకు సాధారణముగా బ్యాటరీ లేదు, జనరేటరు లేదు, స్టార్టరు లేదు. ప్రొపెల్లరును చేతితో విసరి త్రిప్పియే 65 అశ్వశక్తి గల కాంటినెంటల్ ఇంజనును నడిపింపవలెను. అట్టి ఇంజనునందు స్పార్కుప్లగ్గుల తీగలకు లోహకవచము లేకుండుటను లోపముగా నెంచరాదు. వినువాడే లేని చోట రొద యను మాటకు అర్థము లేదు గదా. తరువాతి దశాబ్దములలో పెద్ద విమానాశ్రయముల పరిసరములందు రేడియో అనివార్యము కాగా, వినుటకై నిర్మింపబడని యంత్రమునకు వినుశక్తిని తెచ్చి అతుకవలసివచ్చెను. చిక్కంతయు అచ్చటనే పుట్టినది. ఏరాంకా చీఫ్ నమూనా ఆధారముగా బెంగుళూరులో హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ నిర్మించిన, 1958లో తొలిసారి గాలికెగిరిన పుష్పక్ విమానమును ఈ వంశమునకు చెందినదే. భారతదేశపు ఫ్లయింగ్ క్లబ్బులలో అనేకులు విద్య నేర్చినది దానిపైననే.

రొదకు మూలములైన వానిలో ప్రథమగణ్యము ఇంజనునందలి జ్వలనవ్యవస్థ. నాలుగు సిలిండర్లలో ఒక్కొక్కదానికి రెండేసి ప్లగ్గులును, వానికి విద్యుత్తు నందించుటకు రెండు స్వతంత్రములైన మాగ్నెటోలును ఉండును. శాశ్వతాయస్కాంతము తిరుగుచుండగా, సరియైన క్షణమున స్పర్శబిందువులు విడిపోయినంతనే, వేలకొలది వోల్టుల ప్రేరితవిద్యుత్తు పుట్టి ప్లగ్గు సందున స్ఫులింగమై దూకును. 1887 ప్రాంతమున హైన్‌రిఖ్ హెర్ట్జు పండితుడు విద్యుదయస్కాంత తరంగములను ప్రయోగశాలలో తొలుత సృష్టించినది ఇట్టి స్ఫులింగముతోనే. మార్కోనీ తొలినాటి ప్రసారయంత్రములును స్ఫులింగయంత్రములే. కావున కవచము లేని ప్లగ్గుతీగ, యజమాని యెరుగకయే, ఒక ప్రసారిణిగా పనిచేయుచుండును. విమానముల సంభాషణకు కేటాయింపబడిన 118 నుండి 137 మెగాహెర్ట్జుల పట్టీలో తరంగదైర్ఘ్యము సుమారు రెండున్నర మీటర్లకు లోపుగా నుండుటచే, దాని నాల్గవవంతు అరువది సెంటీమీటర్ల పరిసరమున నుండును. ఇంజనుపై ప్రాకు ప్లగ్గుతీగల పొడవును ఇంచుమించు అంతియే యగుట దురదృష్టకరమైన యాదృచ్ఛికము.

ఇట్టి మెరుపుదెబ్బలను సహింపలేని ఎ.ఎం. ప్రసారవిధానమునే విమానయానము నేటికిని వాడుచుండుట కొందఱికి వింతగా తోచవచ్చును. ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగు 1933లో పేటెంటు పొందిన ఎఫ్.ఎం. విధానము ఈ జాతి రొదను చాలవఱకు అణచగలదు. కాని ఎఫ్.ఎం. గ్రాహకము, ఇద్దఱు ఒకేమారు మాటలాడినచో, బలహీనుని గొంతును పూర్తిగా మింగివేయును, ఎ.ఎం. నందు రెండు ప్రసారములు ఢీకొని కీచుధ్వని పుట్టగా, ఇంకొకడును మాటలాడుచున్నాడన్న సంగతి యైనను తెలియును. ఆకాశమున ఆ ఎఱుక అమూల్యము. ఆ లాభమునకై రొదను భరింపక తప్పదు.

చికిత్సకు పూర్వము పరీక్ష జరుగవలెను. సంకేతము లేనపుడు రొదను మూయు స్క్వెల్చి మీటను పూర్తిగా తెఱచి, ఇంజను నడచుచుండగా, ఆంటెన్నా తీగను రేడియో వెనుక నుండి ఊడదీయవలెను. రొద ఆగిపోయినచో అది ఆంటెన్నా ద్వారా వచ్చుచున్నదనియు, ఆగనిచో విద్యుత్సరఫరా తీగల గుండాగాని, మైకు, హెడ్‌ఫోను తీగల గుండాగాని చొరబడుచున్నదనియు గ్రహింపవచ్చును. ఆంటెన్నా ఊడియున్నంతసేపు ప్రసారపు మీటను నొక్కరాదు. నొక్కినచో ప్రసారభాగము చెడవచ్చును. పిదప చెవితో పని. మందగతిలో నిమిషమునకు 600 చుట్లు తిరుగు నాలుగు సిలిండర్ల ఇంజనులో ఒక్కొక్క మాగ్నెటో సెకండునకు 20 స్ఫులింగముల నిచ్చును గనుక టకటకలు విడివిడిగా వినవచ్చును. 2300 చుట్లకు చేరునప్పటికి అవి సెకండునకు 77 కాగా, టకటకలు కలిసిపోయి బొంగురు గరగరయగును. జ్వలనస్విచ్చిని ఎడమకొకసారి, కుడికొకసారి త్రిప్పిచూచినచో దోషి యే మాగ్నెటోయో బయటపడును. ఇంజను వేగముతోపాటు స్థాయి హెచ్చుచు తగ్గుచుండు జోరీగ రొదవంటి కూత జనరేటరుది. ఒక క్రమము లేక చిట్లు గరగర దాని రెగ్యులేటరుది. సన్నగా పైకి ప్రాకి ఠప్పున తెగి మరల మొదలగు కూత, తరువాతి కాలమున అమర్చిన స్ట్రోబు దీపపుది. విమానమును కుదిపినప్పుడు మాత్రమే వచ్చు పెళపెళలు ఎచ్చటనో వదులైన సంధిని సూచించును.

జ్వలనపు రొదకు నిజమైన మందు లోహకవచమొక్కటే. తీగలను అల్లికలోహపు తొడుగుతో కప్పి, ఆ తొడుగు ఒక చివర మాగ్నెటో లోహపు మూతకును, రెండవ చివర ప్లగ్గు పైభాగమునందలి లోహపు గొట్టమునకును మరలతో బిగియునట్లు చేయవలెను. అప్పుడు స్ఫులింగపు ప్రవాహము తాను పోయిన దారినే తొడుగు లోపలి ముఖముపై తిరిగివచ్చి, తరంగము వెలికి పొక్కకుండును. ఇందలి కష్టమేమనగా, పాత ప్లగ్గులకు అట్టి గొట్టమే లేదు. కనుక ప్లగ్గులు, తీగల హార్నెస్సు, మాగ్నెటో మూతలు మూడును ఒక్కసారిగా మార్పవలెను. ప్లగ్గు పైమర 5/8 అంగుళముదా 3/4 అంగుళముదా యని చూచి దానికి తగిన హార్నెస్సునే తెప్పింపవలెను. పొదుపునకై సగము మార్చి సగము విడిచినవాడు ధనమును నష్టపోవునే గాని రొదను పోగొట్టుకొనజాలడు, ఏలయన ఎనిమిది తీగలలో ఒక్కదాని మర వదులైనను తక్కిన ఏడింటి కవచము నిరర్థకమగును. కొన్ని విమానప్లగ్గులలో నిరోధకము ఉండును గాని, దాని ముఖ్యప్రయోజనము ఎలక్ట్రోడుల అరుగుదలను తగ్గించుట. మోటారుకార్లయందు రొద తగ్గించుటకు వాడు అధికనిరోధకపు తీగలను తెచ్చి బిగించుట విమానములందు ఆమోదితమార్గము కాదు.

మాగ్నెటో నుండి పైలటు ముందరి స్విచ్చివఱకు పోవు సన్నతీగను యంత్రకారులు పి-లీడు అందురు. దీనిని పలువురు మఱచుచుందురు. అన్ని కవచములు బిగించిన పిదప మిగిలిన గరగర తఱచుగా దీనినుండియే వచ్చును. మాగ్నెటో లోపలి స్పర్శబిందువుల కంపనమంతయు ఈ తీగ వెంట కాక్‌పిట్టులోనికి, రేడియో ప్రక్కకు వచ్చి చేరును. దీనిని కవచపు తీగగా మార్చి, కవచమును మాగ్నెటో యొద్ద ఎర్తు చేసి, రెండవ చివరను స్విచ్చి ఎర్తుమరకు మాత్రమే కలిపి, విమానపు చట్రమునకు వేరుగా తగులనీయకుండుట సంప్రదాయము. అవసరమైనచో మాగ్నెటో చెంత దీనికని ప్రత్యేకముగా చేసిన ఫిల్టరును అమర్తురు. చేతికి దొరకిన కండెన్సరు నేదో తెచ్చి తగిలించినచో మాగ్నెటో స్వంత కండెన్సరు లెక్క తప్పి స్పర్శబిందువులు కాలును. ఇచ్చట ప్రాణాపాయమును గలదు. మాగ్నెటో స్విచ్చి ఇంటి దీపపు స్విచ్చికి విపరీతముగా పనిచేయును: పి-లీడు ఎర్తునకు తగిలినపుడే మాగ్నెటో ఆగును. మరమ్మత్తులో ఈ తీగ తెగినను, మర ఊడినను, స్విచ్చి 'ఆఫ్'లో నున్నను మాగ్నెటో సజీవముగానే యుండి, ప్రొపెల్లరును చేతితో కదపినవానిని కొట్టవచ్చును. ఫిల్టరు లోపల తెగిపడి ఎర్తునకు తగిలినచో ఎగురుచుండగనే ఆ మాగ్నెటో మూగవోవును. అందుచే ఈ తీగపై చేయి వేసిన పిమ్మట స్విచ్చిని పరీక్షింపక ప్రొపెల్లరును ముట్టరాదు.

జనరేటరు సంగతి సులభము. దాని కమ్యుటేటరును శుభ్రపఱచి అరిగిన బ్రష్షులను మార్చుటయే సగము పని. మిగిలినదానికి ఆర్మేచరు మరనుండి ఎర్తునకు ఒక కండెన్సరు చాలును. దానిని పొరపాటున ఫీల్డు మరకు తగిలించిన రెగ్యులేటరు బిందువులు చెడును.

గుడ్డకప్పు విమానములందు మఱియొక లోపము గలదు. లోహవిమానమునకు దాని రేకులే ఆంటెన్నా క్రింది ప్రతిఫలనతలముగా ఉపయోగపడును. కబ్ వంటి దానిలో ఉక్కుగొట్టముల చట్రమును పైని గుడ్డయు తప్ప మఱేమియు లేవు. అందుచే ఆంటెన్నా మొదట గుడ్డ లోపల అల్యూమినియపు రేకునుగాని, నలుదిశలకు పరచిన పట్టీలనుగాని, పాతికభాగపు తరంగము పొడవున అమర్చి చట్రమునకు కలుపవలెను. ఇది లేని యెడల వచ్చు సంకేతమే క్షీణించి, సామాన్యమైన రొదయు దానిని ముంచివేయును. రొద హెచ్చినదని వగచువాడు పెక్కుమారులు సంకేతము తగ్గినదని యెఱుగడు. ఇంజను రబ్బరు దిమ్మెలపై నిలుచుటచే చట్రమునుండి విద్యుత్పరముగా వేరుపడియుండును గనుక, దానిని అల్లిన రాగిపట్టీలతో ఫైర్‌వాలునకు కట్టవలెను. తుప్పును, రంగును గీకి మెరయు లోహమునకే బిగింపవలెను. అమెరికా విమానయాన సంస్థ మార్గదర్శకము ఇట్టి బంధములలో నిరోధము 0.003 ఓమును మించరాదని చెప్పును. మైకు, హెడ్‌ఫోను జాకీలను మాత్రము, తద్విరుద్ధముగా, ఫైబరు వాషర్లతో ప్యానెలునుండి వేరుచేసి, వాని ఎర్తును ఒకే స్థానమునకు చేర్చవలెను. ఇంజను మోతను చెవినుండి తొలగించు ఆధునిక హెడ్‌సెట్టులు ఈ రొదను తగ్గింపవు. పరిసరపు మోత పోవుటచే కొందఱికి అది మఱింత స్ఫుటముగా వినబడును.

విద్యుద్వ్యవస్థయే లేని కబ్ విమానములలో నేడు బ్యాటరీ గల చేతిరేడియోను బయటి ఆంటెన్నాకు కలిపి వాడుదురు. దీనివలన జనరేటరు కూతయు, సరఫరా తీగల రొదయు సమూలముగా తొలగును; ప్లగ్గుతీగలకు కవచము లేనిచో ఆ గరగర మాత్రము అట్లే నిలుచును.

యంత్రముతో సంబంధము లేక, వాతావరణమున పుట్టు రొదయు ఒకటి గలదు. పొడిమంచు, హిమస్ఫటికములు, ధూళి విమానమును రాచుకొనగా అది విద్యుదావేశము నొంది, ఱెక్కల కొనలనుండియు ఆంటెన్నా మొననుండియు గాలిలోనికి చిమ్ముచుండును. హెడ్‌ఫోనునందు బుసబుసయను ధారాధ్వని విననగును. వేగముగా పోవు విమానములకు ఱెక్కల వెనుక అంచులందు స్థిరవిద్యుద్విసర్జక కుంచెలను అమర్తురు. మందగతిని పోవు కబ్ వంటి వానికి ఈ బాధ అరుదు. తటస్థించినప్పుడు వేగము తగ్గించుటయో, ఆ మంచును వీడి దూరముగా పోవుటయో తప్ప పైలటు చేయదగినది స్వల్పము.