నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ శాస్త్రమా?

తెలుగులో ‘శాస్త్రం’ చాలా ఉదారమైన మాట. పాకం నుంచి వాస్తు దాకా పద్ధతిగా పుస్తకానికెక్కిన ప్రతి విద్యా మనకు శాస్త్రమే. ఆ లెక్కన నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ కూడా శాస్త్రమే. కాని నేనడిగేది వేరు: దాని సిద్ధాంతాలు పరీక్షకు నిలుస్తాయా? మనవాళ్ళలో ఎందరో ఈ పేరుతో కంపెనీలకు పోర్టళ్ళు కట్టిపెట్టారు కనుక దీని పూర్వకథ కాస్త చెప్పుకోవచ్చు.

నా దృష్టిలో కథ 1911లో మొదలవుతుంది. ఆ ఏడాది ఫిలడెల్ఫియా ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ శాస్త్రీయ యాజమాన్యం మీద తన పుస్తకం వెలువరించాడు. పనివాళ్ళ చేతికి తరతరాలుగా అబ్బిన ఒడుపులను యాజమాన్యం పోగుచేసి, కొలిచి, నియమాలుగా రాసుకోవాలన్నాడు. రాసుకున్నాక పనివాడి సంగతేమిటి? ‘కె.టి.’ అంటే ఏమిటో మన ఐ.టి. మిత్రులకు చెప్పనక్కరలేదు. నేను పనిచేసిన ఒక కంపెనీలో ఇరవై ఏళ్ళ అనుభవమున్న సహోద్యోగి చేత రెండు వారాల్లో అన్నీ రాయించుకుని ఇంటికి పంపేశారు. ఆరు నెలలు తిరక్కుండానే గంటల లెక్కన మళ్ళీ పిలిపించుకున్నారు. ఆయన రాసిందంతా సరిగానే ఉంది. ఏది ఎప్పుడు అవసరమో పోల్చుకునే నేర్పు ఆ కాగితాల్లో లేదు.

మనిషికి తెలిసినదంతా మాటల్లోకి రాదని మైకెల్ పొలాన్యీ 1966లోనే వాదించాడు. హంగరీలో పుట్టిన ఈయన రసాయన శాస్త్రం నుంచి తత్వశాస్త్రానికి మళ్ళినవాడు. మన వంటల పుస్తకాల్లో ‘ఉప్పు తగినంత’ అని ఉంటుంది చూడండి, ఆ ‘తగినంత’ గురించే ఆయన బాధంతా! అమ్మకు ఫోన్ చేసి ఆవకాయ కొలతలు రాసుకున్నవారికి ఇది అనుభవమే.

ఆ ‘తగినంత’ను పట్టుకోవచ్చన్నాడు జపాన్ పండితుడు ఇకుజిరో నోనాకా. ఆయన 1991 వ్యాసంలోని ఉదాహరణ ప్రసిద్ధం. 1985లో ఒసాకాలోని మత్సుషితా కంపెనీ ఇంట్లో రొట్టె చేసే యంత్రం తయారుచేస్తోంది. రొట్టె పైన మాడుతోంది, లోపల ఉడకడం లేదు. ఇకుకో తనాకా అనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని ఒక హోటల్ ప్రధాన రొట్టెగాడి దగ్గర శిష్యరికం చేసి, ఆయన పిండిని సాగదీసే తీరు గమనించింది. దాన్నిబట్టి యంత్రం లోపల ప్రత్యేకంగా కమ్ములు అమర్చారు, రొట్టె కుదిరింది. 1995లో హిరోటకా తకేవుచితో కలిసి రాసిన పుస్తకంతో నోనాకా సిద్ధాంతం ప్రపంచమంతా పాకింది.

2002లో బ్రిటన్ ఆచార్యుడు టి.డి. విల్సన్ ఈ విద్య మొత్తాన్నీ అర్థంలేనిదని కొట్టిపారేశాడు. 2018లో ఐ.ఎస్.ఓ. 30401 అనే ప్రమాణం వచ్చింది. ప్రమాణపత్రం దొరికితే శాస్త్రమైపోదు కదా!

నన్ను ఆలోచింపజేసింది మాత్రం 2007లో రోద్రిగో రిబేరో, హ్యారీ కాలిన్స్ రాసిన వ్యాసం. వాళ్ళు ఆ రొట్టె యంత్రం కథనే మళ్ళీ విప్పి, యంత్రం చేసేదేది, మనిషి చేసేదేది అని విడదీసి చూశారు. శాస్త్రం చేసే పని అదే. ఈ రంగంలో అలాంటి శోధన నాకు తక్కువగా కనిపిస్తుంది. అందుకే దీన్ని మంచి వృత్తివిద్య అంటాను గాని, ఇంకా శాస్త్రమనను. ఇంతకీ వాళ్ళు తేల్చిందేమిటంటే, రొట్టెగాడి నేర్పు యంత్రంలోకి దిగనే లేదు. పాళ్ళు చూసి వేసేదీ, రొట్టె కుదిరిందో లేదో చెప్పేదీ దాని పక్కనున్న మనిషే.