ఏఎం4 సాకెట్‌పై ప్రాసెసర్ మార్పిడి

ఏఎం4 అంటే ఏఎండీ సంస్థ డెస్క్‌టాప్ ప్రాసెసర్ల కోసం తెచ్చిన 1331 పిన్నుల సాకెట్. ఇది 2017లో వచ్చిందని చాలామంది రాస్తారు. తొలి రైజెన్ చిప్‌లు దుకాణాలకు చేరింది ఆ ఏడాది మార్చిలోనే. అయితే బ్రాండెడ్ కంప్యూటర్లలో ఏ-సిరీస్ చిప్‌లతో 2016లోనే ఈ సాకెట్ కనిపించింది కాబట్టి ఆ ఏడాదినే లెక్కలోకి తీసుకోవడం సబబు. మదర్‌బోర్డు, డీడీఆర్4 ర్యామ్ అలాగే ఉంచి, ఆరు కోర్ల రైజెన్ 5 1600 తీసిన చోటే 2022 నాటి 5800ఎక్స్3డీ పెట్టుకోవచ్చు.

సాకెట్‌లో పట్టినంత మాత్రాన బూట్ కాదు. చిప్‌ను మదర్‌బోర్డులోని బయోస్ సాఫ్ట్‌వేర్ గుర్తించాలి. రాబోయే జెన్ 3 చిప్‌లు (5800ఎక్స్3డీ ఈ తరానిదే) 500 శ్రేణి బోర్డుల మీదే పనిచేస్తాయని 2020 మేలో ఏఎండీ ప్రకటించింది. వినియోగదారులు భగ్గుమనడంతో అదే నెలలో బీ450, ఎక్స్470 బోర్డులకూ ఒప్పుకుంది. పాత బోర్డుల్లో బయోస్ చిప్ చాలావరకు 16 మెగాబైట్లే కావడం మొదటి పరిమితికి కారణమని సంస్థ అంది. కొత్త బోర్డులు అమ్ముకోవడానికేనని విమర్శకులు అన్నారు. జాగా ఇరుకు నిజమే, కొన్ని అప్‌డేట్లలో ఏ-సిరీస్‌కు మద్దతు తీసేశారు కూడా. కానీ 2022లో ఎక్స్370, బీ350, ఏ320లకూ మద్దతు దక్కాక సంస్థ మాట కొంత పలచబడింది.

బయోస్ అప్‌డేట్‌ను సాధారణంగా పాత ప్రాసెసర్ ఉండగానే చేస్తారు. ఆ తర్వాత చేతిపని. ఏఎం4లో పిన్నులు చిప్‌కే ఉంటాయి, అసలు చిక్కంతా అక్కడే. ఏళ్ల తరబడి ఎండిన థర్మల్ పేస్ట్ బంకలా పట్టేస్తుంది. కూలర్‌ను నిటారుగా లాగితే, లివర్ ఎత్తకపోయినా ప్రాసెసర్ దాని అడుగున అతుక్కుని ఊడి వచ్చేస్తుంది, పిన్నులు వంగుతాయి. అందుకే కంప్యూటర్‌ను కాసేపు నడిపి, పేస్ట్ వెచ్చబడ్డాక ఆపి, కరెంటు తీగ పీకి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తీస్తారు. కొత్త చిప్ మూలనున్న బంగారు రంగు త్రికోణం సాకెట్ మీది గుర్తుతో కలిస్తే అది తన బరువుకే దిగుతుంది. నొక్కాల్సి వస్తోందంటే ఏదో తేడా ఉన్నట్టే.

1600 విడుదలైనప్పుడు పెట్టెలోనే కూలర్ వచ్చేది, 5800ఎక్స్3డీకి రాదు. మొదటిది 65 వాట్ల చిప్, రెండోది 105 వాట్లది, పాత కూలర్‌తో నెట్టుకురావడం మంచిది కాదు.

మార్చిన తర్వాత మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొన్ని బోర్డులు ఎఫ్‌టీపీఎంను (ఎన్‌క్రిప్షన్ కీలను దాచే భద్రతా భాగం) రీసెట్ చేయాలా అని నల్ల తెర మీద అడుగుతాయి. వై నొక్కితే అందులోని పాత కీలు చెరిగిపోతాయి. డిస్క్‌కు విండోస్ ఎన్‌క్రిప్షన్ అయిన బిట్‌లాకర్ ఉంటే, దాని రికవరీ కీ చిప్ తీయకముందే కాగితం మీద రాసిపెట్టుకోవాలి.