చెవిని పడిన గ్రంథం - సూళ్లూరుపేట

సూళ్లూరుపేట అనగానే శ్రీహరికోట రాకెట్లు, కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడి, శీతకాలంలో పులికాట్‌కు వచ్చే ఫ్లెమింగోలు గుర్తుకొస్తాయి. 2022లో నెల్లూరు జిల్లా నుండి తిరుపతి జిల్లాలోకి మారిన ఈ ఊరికి, పెద్దగా ఎవరూ తలచుకోని చరిత్ర మరొకటుంది. చదువురాని పల్లెలు ఒక గ్రంథాన్ని చెవులతో చదివిన చరిత్ర అది.

1849లో జర్మనీలోని హెర్మన్స్‌బుర్గ్ అనే పల్లెటూరిలో లూయీ హార్మ్స్ అనే పాదిరి ఒక మిషనును స్థాపించాడు. ఆ మిషను తరఫున 1860ల నడుమ ఆగస్ట్ మీలియస్ తెలుగు దేశానికి వచ్చాడు. అంతకు ముందు లైప్‌జిగ్ మిషనులో తమిళనాట పనిచేసిన అనుభవం ఆయనకు ఉంది. నాయుడుపేట, సూళ్లూరుపేట, గూడూరు, వెంకటగిరి, కాళహస్తి, తిరుపతి - ఇలా నెల్లూరు దక్షిణ భాగం నుండి చిత్తూరు సీమ దాకా లూథరన్ సంఘాలు ఏర్పడ్డాయి.

అప్పటికే తెలుగులో బైబిలు ఉంది. విశాఖపట్నంలో డెగ్రాంజెస్, ఆనందరాయడనే బ్రాహ్మణుని తోడ్పాటుతో అనువదించిన సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. 1854 నాటికి మద్రాసులో పూర్తి బైబిలు వెలువడింది. పుస్తకమైతే ఉంది గాని, చదవగలిగిన వారెందరు? సంఘాలలో చేరిన వారిలో అత్యధికులు మాలపల్లెల కూలీలు. వారికి బడి గుమ్మం తెలియదు. అందుచేత అక్కడ గ్రంథమంటే ఉపదేశి గొంతు. పగలు పొలంలో పనిచేసి వచ్చినవారికి చీకటి పడ్డాక ఆయన చదివి వినిపించేవాడు. వారు వెంట పలికేవారు. 1529లో లూథరు రాసిన చిన్న ప్రశ్నోత్తరి సరిగ్గా ఇటువంటి కంఠస్థానికి అమరినదే. ముందు పది ఆజ్ఞలు, ఒక్కొక్కదాని వెంట అర్థమేమిటన్న ప్రశ్న, దానికి జవాబు.

ఇక్కడ తెలుగు భాషాభిమానులు గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ బైబిలు గ్రాంథికంలో ఉంది. గ్రాంథికం చదువుకున్న వారి సొత్తు అనుకునే కాలంలో, అక్షరం ఎరుగని కూలి మనిషి దానిని నోట పలికాడు. గిడుగు వారు వాడుక భాష కోసం పోరాడి గెలిచిన తరువాత కూడా చాలా సంఘాలు ఆ పాత భాషనే వదలలేదు. మనం కావ్యాలలో వెదికే క్రియారూపాలు, ఆ పల్లెల్లో ప్రార్థనగా నిలిచాయి.

అయితే వినడం వేరు, విన్నదాని ప్రకారం బతకడం వేరు. విశ్వాసం వినికిడి వల్ల పుడుతుందని పౌలు రోమీయులకు రాశాడు. విని ఊరుకునేవాడు తన్ను తాను మోసపుచ్చుకుంటాడని యాకోబు హెచ్చరించాడు. ఆ రెండింటి మధ్య దూరం పల్లెలో కూలి డబ్బులతో కొలవవలసి వచ్చింది. అప్పటి నెల్లూరు జిల్లాలోనే ఉన్న ఒంగోలు ప్రాంతంలో బాప్టిస్టు మిషనరీ క్లౌ కాలంలో చేరినవారికి మూడు నియమాలుండేవి: ఆదివారం పనిచేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. చదవడానికి చిన్నవే. కాని ఆదివారం పనికి రానన్నవాడు ఆసామి ఆగ్రహానికి గురయ్యాడు. గ్రామదేవత కొలుపులో తన వంతు ఊడిగం చేయనన్నవాడికి ఊరిలో దారీ నీళ్లూ బందయ్యాయి. గ్రంథం వారికి మొదట ఇచ్చింది ఓదార్పు కాదు, ఒక తగవు.

1914లో ప్రపంచయుద్ధం వచ్చింది. జర్మన్లు శత్రుదేశస్థులయ్యారు. ప్రభుత్వం మిషనరీలను నిర్బంధించి, తరువాత స్వదేశానికి పంపివేసింది. దొరలు పోయారు, వారి సొమ్మూ ఆగింది. మిగిలినవి ఉపదేశుల గొంతులు, విన్నవారి జ్ఞాపకం. అమెరికాలోని ఒహాయో సినడ్ వచ్చి బాధ్యత తీసుకునే దాకా సంఘాలు చెదరిపోలేదంటే, వాటిని నిలిపినది కంఠస్థమైన మాటే అనుకుంటాను. 1945లో ఆ సంఘాలన్నీ దక్షిణాంధ్ర లూథరన్ సంఘమయ్యాయి.

తరువాత 1950 వచ్చింది. షెడ్యూల్డు కులాల రాష్ట్రపతి ఉత్తర్వు ఆ గుర్తింపును హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు గాని, క్రైస్తవులను చేర్చలేదు. మతం మారినా పల్లె మారలేదు, బావి మారలేదు, పిలిచే పేరు మారలేదు. కాగితం మీద హక్కు మాత్రం పోయింది. అందుకే ఎందరో ఆదివారం వాక్యం వింటారు, సోమవారం దరఖాస్తులో మరొక మతం రాస్తారు. అబద్ధమాడరాదన్న ఆజ్ఞను చిన్ననాడే వల్లించినవారికి ఆ ఒక్క గడి నింపడం ఎంత కష్టమో ఊహించండి. వారిని కపటులనే ముందు, ఆ గడిని అలా గీసినవారిని కూడా ఒక మాట అడగాలి.

చెన్నపట్నం పోయే రైలు సూళ్లూరుపేటలో ఆగినప్పుడు ఇదంతా గుర్తుకొస్తుంది. ఇప్పుడు వాక్యం సెల్‌ఫోనులో వినబడుతుంది, ఉపదేశి కోసం చీకటి పడేదాకా ఆగనక్కరలేదు. వినడం ఇంత సులువు ఎన్నడూ కాలేదు. విన్నదాని ప్రకారం బతకడం మాత్రం ఆ పల్లెల్లో నాడెంత ఖరీదో నేడూ అంతే.