శరీరసంఖ్య: చరకుని గణనలో వైరాగ్యం

చరకసంహిత శారీరస్థానంలో ఏడవ అధ్యాయానికి శరీరసంఖ్యాశారీరమని పేరు. దేహంలోని అవయవాలను విభజించి, లెక్కించి చెప్పమని అగ్నివేశుడు ఆత్రేయ మహర్షిని అడుగుతాడు. గణన వెలుపలి నుంచి ఆరంభమవుతుంది. చర్మపు పొరలు ఆరు, అంగాలు ఆరు, దంతాలనూ నఖాలనూ కలుపుకొని అస్థులు 360. శల్యతంత్రాన్ని అనుసరించిన సుశ్రుతునికి అస్థులు 300 మాత్రమే. 360 అనేది వేదవాదుల లెక్క అని ఆయనే పేర్కొంటాడు. పిమ్మట ద్రవధాతువుల పరిమాణం. ఎవరి దేహానికి వారి దోసిలే కొలత. ఉదకం పది అంజలులు, ఆహారపరిణామమైన రసం తొమ్మిది, రక్తం ఎనిమిది. ఇలా తగ్గుతూ మజ్జ ఒక్క అంజలికి, మస్తిష్కం అర్ధాంజలికి చేరుతాయి.

వైద్యునికి ఇంతవరకు చాలు. మహర్షి మాత్రం అక్కడ ఆగలేదు. పరమాణుభేదంతో చూస్తే శరీరావయవాలు అసంఖ్యేయాలని, అవి అతిబహుళాలు, అతిసూక్ష్మాలు, అతీంద్రియాలని చెప్పాడు. వాటి సంయోగవిభాగాలకు వాయువును, కర్మస్వభావాన్ని కారణాలుగా నిర్దేశించాడు.

ఈ పరమాణువే నేటి జీవకణమని కొందరు సంబరపడతారు. ఆ పోలిక నిలవదు. 1665లో రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శినితో బెండుముక్కలో చూసినవి కంటికి కనబడిన చిన్న గదులు. 1838లో ష్లైడెన్ వృక్షాలు, 1839లో ష్వాన్ జంతువులు కణనిర్మితాలని ప్రతిపాదించారు. ప్రతి కణమూ పూర్వకణం నుంచే పుడుతుందన్న సిద్ధాంతాన్ని విర్కో 1858 నాటి గ్రంథంలో స్థాపించాడు. కణం పోషణ పొందుతుంది, విభజన చెందుతుంది, నశిస్తుంది. చరకుని పరమాణువుకు ఈ ధర్మాలేవీ చెప్పబడలేదు. సంహిత గౌరవానికి ఇటువంటి అరువు ఆభరణాలతో పనీ లేదు.

సాదృశ్యం ఉన్నది వస్తువులో కాదు, ప్రశ్నలో. విర్కో దేహాన్ని పౌరులతో నిండిన సమాజంగా భావించాడు. ప్రతి కణమూ జీవించేదే అయితే, 'నేను' అనే ఏకత్వం ఎక్కడ ఉన్నట్టు? మన దర్శనాలలో ఈ వివాదం ప్రాచీనమైనది. అవయవాలకంటె భిన్నమై, వాటియందు సమవేతమై ఉండే అవయవి వేరే ఉందన్నారు నైయాయికులు. సముదాయానికి పెట్టిన పేరే తప్ప మరేమీ లేదన్నారు బౌద్ధులు. శయ్య తనకోసం తాను ఉండదు, శయనించేవానికోసం ఉంటుంది; అట్లే సంఘాతమైన దేహమూ పరార్థమేనని, ఆ పరుడే పురుషుడని సాంఖ్యుల వాదం.

చరకుని సమాధానం సాధకునికి మరింత సమీపమైనది. అనేకావయవమైన ఈ శరీరాన్ని ఒక్కటిగా చూడటం సంగహేతువు, వేరువేరుగా చూడటం అపవర్గహేతువు అంటాడు. అప్పుడు ఆ పది దోసిళ్ల ఉదకం, ఎనిమిది దోసిళ్ల రక్తం వైద్యపు లెక్కలుగా మాత్రమే మిగలవు. 'నాది' అని పట్టుకున్నదాన్ని దోసిలి దోసిలిగా పక్కన పెట్టే అభ్యాసమవుతాయి. చికిత్సాశాస్త్రం మధ్యలో, అస్థిగణన వెనువెంటనే మోక్షప్రస్తావన రావడం యాదృచ్ఛికం కాదు.

ఇంతగా దేహాన్ని విడదీసిన శారీరస్థానం వైరాగ్యంతోనూ ముగియదు. మరుసటి అధ్యాయం జాతిసూత్రీయం. అందులో విషయం సత్సంతానప్రాప్తి, గర్భిణీపరిచర్య, అప్పుడే పుట్టిన శిశువు రక్షణ.