శీర్షికాక్షరములు

గ్రంథపఠనమునకు వలయు అక్షరము వేఱు, శీర్షికకు వలయు అక్షరము వేఱు. మొదటిది కంటి కడ్డురాక భావమును మోసికొనిపోవలెను. రెండవది వీథిని పోవువానిని క్షణకాలము నిలుపవలెను. ఈ రెండు పనులను ఒక్క అక్షరమునకే అప్పగించినచో రెండును చెడునని మా యభిప్రాయము.

తెలుగున శీర్షికాక్షరములు చిరకాలము చేతిపనిగానే యుండెను. సీసపు అచ్చులలో గుణింతములను, ఒత్తులను వేర్వేఱుగ పోతపోయవలసియుండుటచే ప్రతి క్రొత్త తీరును మిక్కిలి వ్యయముతో కూడినదై యుండెడిది. అందుచే పుస్తకముల పేళ్లను, గోడపత్రికలను చిత్రకారులచే వ్రాయించి బ్లాకులు చేయించెడివారు. చిత్రకారుడు బాపు (1933–2014) చేతివ్రాత ఇట్లే ప్రసిద్ధి చెంది, పిదప కంప్యూటరు ఫాంటుగా మాఱి పెండ్లిపత్రికల కెక్కినది.

2001లో అమెరికాయందు స్థాపితమైన సిలికానాంధ్ర, పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన పెక్కు ఫాంటులను ఎవరైనను ఉచితముగ వాడుకొనునట్లు లోకమున కిచ్చినది. ధూర్జటి, రామరాజ మొదలగునవి శీర్షికలకును ఆహ్వానపత్రికలకును తగినవి. వానిలో నొకటి సురవరము ప్రతాపరెడ్డిగారి పేరు దాల్చినది. 1926లో హైదరాబాదున గోలకొండ పత్రికను స్థాపించినది వారే. తెలంగాణమున కవులు లేరన్న యాక్షేపణకు సమాధానముగ 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించినదియు వారే. అన్ని పేళ్లను అచ్చున స్పష్టముగ చదువగలుగుటయే ఆ సమాధానమునకు బలము.

ఇప్పుడు బషీర్‌బాగు దేశోద్ధారక భవనమునుండి నారాయణగూడ మీదుగ చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమువఱకు పోయి చూడుడు. దుకాణపు పలకలపై, గోడకాగితములపై పాతకాలపు సొంపును తలపించు అక్షరము లెన్నో కానవచ్చును. పేరు మాత్రమే యున్నచోట అవి కన్నులపండువగ నుండును. చిరునామా, తేది, షరతులు సైతము అట్లే వ్రాసినచోట కన్ను తొట్రుపడును. దకారమునకును ధకారమునకును భేద మొక్క చిన్న గీత. థకారమున దానికి తోడు ఒక చుక్క. అక్షరము బలిసి వంపులు తిరిగినచో ఆ గీతయు చుక్కయు మాయమై 'కథ' 'కద' యగును. పై పంక్తి ఒత్తు క్రింది పంక్తి గుడిపై పడి రెండును చదువరావు.

ఇది రుచిభేదము మాత్రమే కాదు. క్రొత్తగ చదువు నేర్చిన స్త్రీయు, చూపు తగ్గిన తాతయు తప్పు చదివినచో తమ యజ్ఞానమునే నిందించుకొందురు గాని అచ్చును నిందింపరు. చదువు వ్యాపింపవలెనని కోరువారు ఈ యన్యాయమును సహింపరాదు.

కావున గృహస్థులకు మా మనవి యిది. శుభలేఖపై వధూవరుల పేళ్లకు అలంకారాక్షరము వాడుడు. ముహూర్తమును, స్థలమును సామాన్యాక్షరమున పంక్తులు ఎడముగ నుంచి అచ్చొత్తింపుడు. అచ్చునకు పంపుటకు ముందు ఇంటి పెద్దమ్మ చేత ఒకమారు చదివింపుడు. మంచి అక్షరము ఉచితముగ లభించు ఈ కాలమున వ్యయమను సాకు చెల్లదు. ఆమె తడబడక చదివినదే మంచి అచ్చు.