చిత్రిత గ్రంథములు – నవీన చిత్రకళ



ప్రాచీన చిత్రిత గ్రంథములు నవీన చిత్రకళకు చేసిన మేలును గూర్చి నేడు ముచ్చటింపదలచితిని.

అచ్చుయంత్రము పుట్టకమునుపు ఐరోపాఖండమందలి మఠములలో సన్న్యాసులు దూడతోళ్లను పదనుచేసి, వానిపై మతగ్రంథములను వ్రాసెడివారు. వ్రాసి ఊరకుండక, మొదటి అక్షరమును లతలతోను పక్షులతోను అల్లి, పెక్కింటికి బంగారు రేకు నద్ది మెరుగు పెట్టెడివారు. క్రీ. శ. 800 ప్రాంతమున సిద్ధమైన కెల్స్ గ్రంథము వీనిలో సుప్రసిద్ధము. ఐర్లండు దేశమున డబ్లిన్ నగరపు ట్రినిటీ కళాశాలలో దాని 340 పత్రములు భద్రముగా నున్నవి. బంగారము లేకయే హరిదళముతో పసిడికాంతి తెప్పించిన నేర్పు అందు గలదు. మన దేశమున మొగలు పాదుషాల కొలువులోను అక్షరమును చిత్రమును ఇట్లే ఒక్క పుటలో పొత్తు గూడియుండెను.

ఈ రెండు తెరువులు కలకత్తాలో కలిసినవి. అచ్చట అవనీంద్రనాథ ఠాకూరుగారు (1871–1951) ఐరోపా గురువులయొద్ద చిత్రలేఖనము నేర్చిరి. వెలుగునీడలు దిద్దుట అలవడెను గాని మనసు నిండలేదు. 1895 ప్రాంతమున వారికి రెండు కానుకలు అందెను. ఒకటి, ఐరోపా ప్రాచీనపద్ధతి నలంకరించిన పాటల పుస్తకము. రెండవది, మొగలు ఫక్కి చిత్రముల సంపుటము. దేశములు వేరైనను రెంటను నీడలు లేని నిండు రంగులే, అంచుల అల్లికయే, అక్షరముతో చెలిమియే. ఆ స్ఫూర్తితో వారు కృష్ణలీలలు చిత్రింపబూనిరి. తొలుత వ్రాసిన రాధ చీర కట్టిన దొరసానివలె నున్నదని వారే తరువాత చెప్పుకొనిరి. అయినను చేయి విడువలేదు. కొలది యేండ్లలోనే దేశీయ చిత్రకళకు క్రొత్త త్రోవ ఏర్పడెను.

ఆ త్రోవ మన బందరునకును వచ్చెను. ఆ సంప్రదాయమువారైన ప్రమోదకుమార ఛటర్జీగారు ఆంధ్ర జాతీయ కళాశాలలో నేర్పగా, అడివి బాపిరాజుగారు వారికి శిష్యులైరి. అవనీంద్రుల శిష్యులైన నందలాల్ బోసుగారు తమ విద్యార్థులతో గూడి భారత రాజ్యాంగపు వ్రాతప్రతిని చిత్రములతో అలంకరించిరి. 1950 జనవరి 24న సభ్యులు ఆ ప్రతిమీదను చేవ్రాళ్లు చేసిరి. అచ్చుయంత్రములు విరివియైన కాలమున, ఒక జాతి తన ధర్మశాసనమును చేతితో వ్రాయించి, బొమ్మలతో అలంకరించుకొనెను.

ఏండ్ల తరబడి పిల్లలచే అక్షరములు దిద్దించిన నాకు ఇందు తోచినది ఒక్కటే. దారి వెదకుచున్న చిత్రకారునకు దారి చూపినది పుస్తకము. మీ అటకలమీద తాళపత్రపు కట్టలున్నచో, బొమ్మలు లేవని త్రోసివేయకుడు. దుమ్ము దులిపి, చెదలు సోకనీయక, తెలిసినవారికి చూపుడు. ఏ పుట ఎవరి కన్ను తెరపించునో ముందుగా నెవరెరుగుదురు?