వృద్ధాశ్రమ వాసుల రక్షణ: 2007 చట్టంలోని వెలితి

వృద్ధ తల్లిదండ్రుల పోషణను సంతానపు బాధ్యతగా 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం నిర్దేశించింది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఆ దృష్టికి కొనసాగింపే. సంరక్షకులు వృద్ధులను పూర్తిగా విడిచిపెడితే 24వ సెక్షను ప్రకారం మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. 19వ సెక్షను జిల్లాకొకటైనా, కనీసం 150 మంది నిరుపేదలకు సరిపడే ఆశ్రమాన్ని ప్రభుత్వం ‘స్థాపించవచ్చు’ అన్నదే తప్ప ‘స్థాపించాలి’ అనలేదు. నిర్వహణ ప్రమాణాలను రాష్ట్రాలకు వదిలివేసింది. ఆశ్రమంలోనే ఉంచి అన్నపానాలు, వైద్యం కరవు చేయడాన్ని ప్రత్యేక నేరంగా పేర్కొనలేదు. ఆశ్రమాల నమోదును, కనీస ప్రమాణాలను ప్రతిపాదించిన 2019 సవరణ బిల్లు 2024లో లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. కుటుంబాన్ని నిలదీసిన శాసనం సంస్థను నిలదీయలేదు.